మూడు న్యూటన్-మీటర్ల మాయ

స్టెప్పర్ మోటార్ కొనబోయేవాళ్లకి కేటలాగులో ముందుగా కనబడే అంకె హోల్డింగ్ టార్క్. 3 న్యూటన్-మీటర్లు, 8 న్యూటన్-మీటర్లు, 12 న్యూటన్-మీటర్లు అని లావుపాటి అక్షరాల్లో వేస్తారు. ధర కూడా దాని వెంటే పెరుగుతుంది. ఆ అంకె అబద్ధమేమీ కాదు. కాకపోతే అది మోటార్ కదలకుండా నిలబడి ఉన్నప్పటి బలం. చెక్క చెక్కుతున్నప్పుడు, అల్యూమినియం కోస్తున్నప్పుడు, టూల్ ఈ మూల నుంచి ఆ మూలకి పరుగెత్తుతున్నప్పుడు అందులో ఎంత మిగులుతుందన్నది వేరే లెక్క. ఆ లెక్కలో మోటార్ వాటా సగమే. మిగతాది డ్రైవ్‌ది, దాని వెనకున్న పవర్ సప్లైది.

నీమా నంబరు కూడా ఇలాగే తికమక పెడుతుంది. నీమా 17, నీమా 23, నీమా 34 అనేవి అమెరికా ఎలక్ట్రికల్ తయారీదారుల సంఘం పెట్టిన కొలతలు. 23 అంటే మోటార్ ముందు పలక 2.3 అంగుళాలు, దాదాపు 57 మిల్లీమీటర్లు. 34 అంటే 86 మిల్లీమీటర్లు. బోల్టులు ఎక్కడ పడతాయో చెప్పడానికి తప్ప బలం సంగతికి ఆ నంబరు పనికిరాదు. ఒక్క నీమా 23 సైజులోనే 1 న్యూటన్-మీటర్ లోపువి ఉన్నాయి, 3 ఇచ్చేవీ ఉన్నాయి. తేడా అంతా వెనకవైపు పొడవులో ఉంటుంది.

మాట గాల్లో పోకుండా ఒక మెషీన్‌ని ముందు పెట్టుకుందాం. 600 మిల్లీమీటర్ల వెడల్పు, 900 మిల్లీమీటర్ల పొడవు పని చేసే సీఎన్‌సీ రౌటర్. పని ఎక్కువగా చెక్కమీద, అప్పుడప్పుడు అల్యూమినియం మీద. పొడవు వైపు మీటరు బాల్ స్క్రూ, బజార్లో 1605 అని అడిగితే ఇచ్చేది: వ్యాసం 16 మిల్లీమీటర్లు, ఒక చుట్టు తిరిగితే 5 మిల్లీమీటర్లు జరుపుతుంది. పైన అటూ ఇటూ తిరిగే గాంట్రీ, స్పిండిల్ కలిపి 20 కిలోలు. ఖాళీగా పరుగెత్తేటప్పుడు నిమిషానికి 5 మీటర్ల వేగం కావాలి. అంటే స్క్రూ 1000 ఆర్‌పీఎం తిరగాలి.

దీనికి ఎంత టార్క్ కావాలి? 5 మిల్లీమీటర్ల బాల్ స్క్రూని 1 న్యూటన్-మీటర్‌తో తిప్పితే, రాపిడి నష్టం పోగా, ముందుకి తోసే బలం సుమారు 1,100 న్యూటన్లు. అంటే 110 కిలోలకి పైమాటే. 6 మిల్లీమీటర్ల ఎండ్ మిల్‌తో ఇలాంటి మెషీన్ మీద అల్యూమినియంలో పలచటి కోతలు వేస్తే టూల్ మీద పడేది మామూలుగా 100 న్యూటన్ల లోపే. దానికి మోటార్ దగ్గర కావాల్సింది 0.1 న్యూటన్-మీటర్ కన్నా తక్కువ. స్క్రూ, గైడ్ల రాపిడికి ఇంకో 0.1 వేసుకోండి. ఇక మిగిలింది బరువుని కదిలించడం.

లెక్క రాసి చూస్తే తప్ప నమ్మబుద్ధి కాని విషయం ఇక్కడే ఉంది. కంటికి బరువుగా కనబడేది 20 కిలోల గాంట్రీ. కానీ 5 మిల్లీమీటర్ల స్క్రూ గుండా మోటార్‌కి తగిలే దాని జడత్వం దాదాపు 130 గ్రామ్-చదరపు సెంటీమీటర్లే. మీటరు పొడవున్న స్క్రూ కడ్డీ తిరగడానికే 500 కావాలి. 3 న్యూటన్-మీటర్ల నీమా 23 మోటార్ లోపలి రోటర్‌ది సుమారు 800. అంటే మోటార్ కష్టంలో సగానికి పైగా తనని తాను తిప్పుకోవడానికే పోతోంది. దాన్ని తీసేసి 8 న్యూటన్-మీటర్ల నీమా 34 పెడితే రోటర్ ఒక్కటే రెండున్నర వేల దగ్గరికి పోతుంది. పెద్ద మోటార్ పెట్టాక మెషీన్ మునుపటికన్నా మొద్దుగా కదులుతోందని ఎవరైనా వాపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

సెకనుకి సెకనుకి 500 మిల్లీమీటర్ల చొప్పున వేగం పెంచుకోవాలంటే, నీమా 23తో ఈ జడత్వాలన్నిటికీ కలిపి ఇంకో 0.1 లోపే సరిపోతుంది. మొత్తం కూడితే 0.3 న్యూటన్-మీటర్లు. దుమ్ముకి, వంకరకి, మొండి టూల్‌కి రెట్టింపు వేసుకున్నా 0.6. మరి 3 న్యూటన్-మీటర్ల మోటార్ ఉండి కూడా ఇలాంటి మెషీన్లు మధ్యలో ఎందుకు మొరాయిస్తాయి? ఆ 0.6 కావాల్సింది 1000 ఆర్‌పీఎం దగ్గర. అక్కడ 3 ఉండదు.

ఎందుకుండదో చూడాలంటే మోటార్ లోపలికి వెళ్లాలి. ఇరుసుకి ఒక అయస్కాంతం, దానికి అటొకటి ఇటొకటి పళ్లున్న ఇనప చక్రాలు. ఒక్కోదానికి 50 పళ్లు, ఒకదాని పన్ను ఇంకోదాని సందు ఎదురుగా వచ్చేలా అర పన్ను దూరం తిప్పి బిగిస్తారు. చుట్టూ కదలని భాగానికీ సన్నటి పళ్లు, వాటికి రెండు జతల కాయిల్స్. కాయిల్స్‌లో కరెంటు దిశ వంతులవారీగా మారిన ప్రతిసారీ రోటర్ పావు పన్ను దూరం జరుగుతుంది. 50 పళ్లు, ఒక్కో పంటికి నాలుగు అడుగులు, చుట్టుకి 200 అడుగులు, అడుగుకి 1.8 డిగ్రీలు. విప్పి చూడాలనిపిస్తే పాత ప్రింటర్‌లోది విప్పండి, కొత్తది కాదు. రోటర్‌ని బయటికి లాగితే అయస్కాంత బలం తగ్గే ప్రమాదం ఉంది.

1000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 3,333 అడుగులు. ఒక్కో అడుగుకి దొరికే సమయం 0.3 మిల్లీసెకను. ఆ లోపల కాయిల్‌లో కరెంటు నిండాలి. కాయిల్‌కి ఇండక్టెన్స్ ఉంది కాబట్టి కరెంటు ఒక్కసారిగా ఎక్కదు. సన్నగా వచ్చే మునిసిపల్ కుళాయి కింద బిందె పెట్టి, నిండకముందే తీసి ఇంకోటి పెడుతూ పోతే అన్నీ సగం బిందెలే అవుతాయి. ఇక్కడ జరిగేదీ అదే. బిందె సైజు ఇండక్టెన్స్, కుళాయి ఒత్తిడి వోల్టేజీ.

బజార్లో విరివిగా దొరికే 3 న్యూటన్-మీటర్ల నీమా 23 వివరాలు ఇలా ఉంటాయి: కరెంటు 4.2 ఆంపియర్లు, కాయిల్ రెసిస్టెన్స్ 0.9 ఓమ్, ఇండక్టెన్స్ 3.8 మిల్లీహెన్రీలు. 24 వోల్టుల సప్లై ఇస్తే 0.3 మిల్లీసెకనులో కరెంటు 1.9 ఆంపియర్ల దాకానే ఎక్కుతుంది. 48 వోల్టులిస్తే 3.8 దాకా వస్తుంది. ఇది మోటు లెక్క మాత్రమే. తిరిగే మోటార్ జనరేటర్‌లా ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది కాబట్టి అసలు అంకెలు ఇంకా కిందే ఉంటాయి. 1000 ఆర్‌పీఎం దగ్గర టార్క్ హోల్డింగ్ టార్క్‌లో మూడో వంతు లోపుకి పడిపోవడం మామూలే. అదే మోటార్, అవే వైర్లు, సప్లై 24 నుంచి 48కి మారిస్తే పై వేగాల్లో దొరికే శక్తి దాదాపు రెట్టింపవుతుంది. మోటార్ మార్చాలనుకునేవాళ్లు ముందు సప్లై మార్చి చూడాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఇక్కడ కొత్తవాళ్లకి ఒక భయం. 4.2 ఆంపియర్లు, 0.9 ఓమ్ గుణిస్తే 3.78 వోల్టులు. మోటార్ వివరాల కాగితం మీద కూడా వోల్టేజీ అంతే రాసి ఉంటుంది. దానికి 48 ఇస్తే కాలిపోదా? నేరుగా ఇస్తే కాలిపోతుంది. మధ్యలో డ్రైవ్ ఉన్నది అందుకే. అది 48 వోల్టులతో కరెంటుని దూకుడుగా ఎక్కించి, మనం పెట్టిన హద్దు తాకగానే కోసేస్తుంది, తగ్గగానే మళ్లీ ఇస్తుంది. సెకనుకి వేలసార్లు ఇదే పని. మోటార్ వేడెక్కేది ప్రధానంగా కరెంటుని బట్టి, దానికి డ్రైవ్ హద్దు పెడుతుంది. వోల్టేజీ మరీ మితిమీరితే లోపలి ఇనుము కూడా వేడెక్కుతుంది గనక దానికీ ఒక పై హద్దు ఉంది. గెకో డ్రైవ్‌ల తయారీదారులు చెప్పిన సూత్రం ఒకటి ఇందుకు బాగా వాడుకలో ఉంది: మిల్లీహెన్రీల్లో ఇండక్టెన్స్ వర్గమూలాన్ని 32తో గుణించండి. 3.8కి 62 వోల్టులు వస్తుంది. అది దాటకూడని గీత. 48 దగ్గర హాయిగా ఉండొచ్చు.

పని చేసేటప్పుడు మోటార్ ఒంటిమీద చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే కంగారు పడొద్దు. స్టెప్పర్‌కి 70, 80 డిగ్రీలు మామూలు.

డ్రైవ్‌ల బజారు మాత్రం కలగూర గంపే. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అయినా ఆన్‌లైన్‌లో అయినా అన్నిటికన్నా చవగ్గా దొరికేది టీబీ6600 పేరుతో వచ్చే నల్లపెట్టె. చాలా పెట్టెల్లో ఆ చిప్ ఉండదు, అంతకన్నా చిన్నది ఉంటుంది. పైన రాసిన 4 ఆంపియర్లని నమ్మి 3 న్యూటన్-మీటర్ల మోటార్ తగిలిస్తే అది వేడెక్కి మధ్యలో ఆగుతుంది. త్రీడీ ప్రింటర్లలో వాడే ఏ4988, డీఆర్‌వీ8825, టీఎంసీ2209 బుల్లి బోర్డులు నీమా 17 దాకా బంగారంలా పనిచేస్తాయి. బెల్టుతో నడిచే లేజర్ మెషీన్‌కి కోత బలమే ఉండదు కాబట్టి అవే చాలు. మన రౌటర్‌కి మాత్రం డీఎం542 తరగతి డిజిటల్ డ్రైవ్ కనీసం. దాని హద్దు 50 వోల్టులు, 4.2 ఆంపియర్లు. ఆ 4.2 పీక్ అంకె, ఆర్‌ఎంఎస్ ప్రకారం 3 మాత్రమే. డ్రైవ్ మీద ఈ రెండూ పక్కపక్కనే ముద్రిస్తారు, ఏది దేనితో పోలుస్తున్నామో చూసుకుని స్విచ్‌లు పెట్టుకోవాలి.

50 వోల్టుల డ్రైవ్‌కి 48 వోల్టుల సప్లై ఇవ్వడం చాలామంది చేసే పనే, నాకు మాత్రం నచ్చదు. వేగంగా వెళ్తున్న గాంట్రీ గబుక్కున ఆగినప్పుడు ఆ శక్తి మోటార్ గుండా వెనక్కొచ్చి సప్లై వోల్టేజీని పైకి తోస్తుంది. 2 వోల్టుల సందు దానికి చాలదు. 50 తరగతి డ్రైవ్‌కి 36 వోల్టులివ్వండి. 48 కావాలంటే 80 వోల్టుల దాకా తట్టుకునే డ్రైవ్ తీసుకోండి, ధర తేడా మరీ ప్రాణాంతకం కాదు. ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్, పెద్ద కెపాసిటర్‌తో సప్లై కట్టుకుంటే ఆ వెనక్కొచ్చే శక్తిని కెపాసిటర్ మింగుతుంది, కానీ రాత్రిపూట లైన్ వోల్టేజీ 250కి ఎగసే ఊళ్లలో సప్లై కూడా అదే నిష్పత్తిలో ఎగుస్తుంది. ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ సప్లై) అయితే లైన్ ఎలా ఆడినా స్థిరంగా ఇస్తుంది. ఆంపియర్లు ఎన్నన్నదానికి కాయిల్ కరెంట్లన్నీ కూడనక్కర్లేదు, మోటార్ రేటింగ్‌లో మూడింట రెండు వంతులు వేసుకుంటే సరిపోతుంది. నాలుగు మోటార్లకి 48 వోల్టుల దగ్గర 11 ఆంపియర్ల పైచిలుకు. ఇంకోమాట: కరెంటు ఉండగా మోటార్ వైరు ఊడదీయకండి. డ్రైవ్ చచ్చే మార్గాల్లో అన్నిటికన్నా సులువైనది అదే.

మైక్రోస్టెప్పింగ్ గురించి అమ్మేవాళ్ల ప్రచారం ఎక్కువ. అడుగుని 8గా, 16గా, 256గా కోస్తే అంత సూక్ష్మంగా కదులుతుందంటారు. నిజానికి దానివల్ల మోటార్ నున్నగా, చప్పుడు లేకుండా తిరుగుతుంది, తక్కువ వేగాల్లో వణుకు తగ్గుతుంది. ఆ మేరకు అది వరమే. ఖచ్చితత్వం వేరే సంగతి. 16గా కోసినప్పుడు ఒక్క చిన్న అడుగు వెనకున్న టార్క్ హోల్డింగ్ టార్క్‌లో పదో వంతే. రాపిడి దానికన్నా ఎక్కువుంటే ఇరుసు కదలదు, మరో రెండు మూడు అడుగులు పోగయ్యాక ఒకేసారి జరుగుతుంది. పైగా చవకగా దొరికే సీ7 తరగతి బాల్ స్క్రూకి 300 మిల్లీమీటర్ల పొడవులో 0.05 మిల్లీమీటర్ తేడా ఉండొచ్చు. మన మెషీన్‌లో 8 మైక్రోస్టెప్పులకే మిల్లీమీటరుకి 320 పల్సులు, ఒక్కో పల్సుకి 0.003 మిల్లీమీటర్. అంతకన్నా సన్నగా కోసి ఏం లాభం?

నష్టం మాత్రం ఉంది. నిమిషానికి 5 మీటర్లు పోవాలంటే ఈ లెక్కన సెకనుకి 26,667 పల్సులు కావాలి. ఆర్డుయినో ఊనో మీద నడిచే జీఆర్‌బీఎల్ కంట్రోలర్ ఇవ్వగలిగేది సుమారు 30,000. 8 దగ్గర ఇమిడింది. 16 పెడితే 53,000 దాటాలి, అది ఇవ్వలేదు. మోటార్, డ్రైవ్, సప్లై అన్నీ బాగున్నా మెషీన్ సగం వేగం దగ్గర ఆగిపోతే కారణం ఈ స్విచ్ కావచ్చు. 32-బిట్ కంట్రోలర్లకి ఈ బాధ లేదు.

ఇక స్టెప్పర్ అసలు లోపం. కంట్రోలర్ పల్సులు పంపుతుంది, మోటార్ తిరిగిందో లేదో చూడదు. రెండు గంటల నుంచి టేకు పలక మీద ఇంటిపేరు చెక్కుతున్నారనుకోండి. నాలుగో అక్షరం దగ్గర పొట్టు ముద్ద గైడ్‌లో ఇరుక్కుని మోటార్ కొన్ని అడుగులు తప్పింది. ఒక్క ‘టక్’ చప్పుడు, అంతే. అక్కడి నుంచి తలకట్లన్నీ అక్షరాల మీద కాకుండా పక్కన పడతాయి. కంట్రోలర్ తెరమీద అంకెలు మాత్రం సరిగ్గానే ఉంటాయి, పని పూర్తయిందని కూడా చెబుతుంది. ఇలాంటప్పుడు మోటార్ బలం చాలలేదనే అనుకుంటాం. యాక్సిలరేషన్ ఎక్కువ పెట్టి ఉండటం, కప్లింగ్ స్క్రూ వదులై ఇరుసు మీద జారడం, స్పిండిల్ వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ నుంచి వచ్చే విద్యుత్ రొద పల్సు వైర్లలోకి దూరడం కూడా ఇదే లక్షణం చూపిస్తాయి. కప్లింగ్ మీదా ఇరుసు మీదా పెన్నుతో ఒకే గీత గీసి పెట్టుకుంటే జారిందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది.

దీనికి ఇప్పుడు మంచి మందు క్లోజ్డ్ లూప్ స్టెప్పర్. అదే మోటార్ వెనక 1000 గీతల ఎన్‌కోడర్ బిగిస్తారు, డ్రైవ్ దాన్ని చుట్టుకి 4,000 భాగాలుగా చదువుతుంది. వెనకబడితే కరెంటు పెంచి లాక్కొస్తుంది, మరీ వెనకబడితే అలారం ఇచ్చి ఆగిపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు తగ్గిస్తుంది గనక వేడి కూడా తక్కువ. ఇది టార్క్‌ని పెంచదు, వేగంతో పాటు పడిపోయే గుణం అలాగే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: ఆ అలారం వైరుని తప్పనిసరిగా కంట్రోలర్‌కి కలపాలి. కలపకపోతే ఒక యాక్సిస్ ఆగిపోయి మిగతా రెండూ పని కొనసాగిస్తాయి, జాబ్ ఇంకా ఘోరంగా పాడవుతుంది.

తన స్థానాన్ని ఎప్పటికప్పుడు కొలుచుకుంటూ నడిచే సర్వో మోటార్ కథ వేరు. 1952లో అమెరికాలోని ఎంఐటీ సర్వోమెకానిజమ్స్ లేబొరేటరీ మొదటి న్యూమరికల్ కంట్రోల్ మిల్లింగ్ మెషీన్‌ని చూపించినప్పుడు దాన్ని నడిపింది సర్వోలే. పరిశ్రమలో నేటికీ వాటిదే రాజ్యం. ఇళ్లలోకి స్టెప్పర్ వచ్చింది చవక కాబట్టి. 400 వాట్ల ఏసీ సర్వో ఇచ్చేది 1.27 న్యూటన్-మీటర్లే. 3 ముందు అది వెలవెలబోయినట్టు కనబడుతుంది. కానీ ఆ 1.27ని సున్నా నుంచి 3000 ఆర్‌పీఎం దాకా తగ్గకుండా ఇస్తుంది, అవసరమైతే కాసేపు మూడు రెట్లు ఇస్తుంది. 1000 ఆర్‌పీఎం దగ్గర పక్కపక్కన పెడితే చిన్న అంకె ఉన్నదే గెలుస్తుంది.

అయితే మన రౌటర్‌లో ఆ 3000ని ఏం చేసుకుంటాం? మీటరు పొడవున్న 16 మిల్లీమీటర్ల స్క్రూ సుమారు 2000 ఆర్‌పీఎం దాటితే నడుమ వంగి ఊగడం మొదలుపెడుతుంది. సర్వో పెట్టాలంటే 10 మిల్లీమీటర్ల లీడ్ ఉన్న 1610 స్క్రూ వేయాలి, లేదా బెల్టు పుల్లీలతో వేగం తగ్గించి టార్క్ పెంచుకోవాలి. ఎన్‌కోడర్ 17-బిట్ అయితే చుట్టుకి 1,31,072 లెక్కలు. వాటినే పల్సులుగా పంపాలంటే 3000 ఆర్‌పీఎంకి సెకనుకి 65 లక్షలు కావాలి. అందుకే డ్రైవ్‌లో ఎలక్ట్రానిక్ గేర్ ఉంటుంది, చుట్టుకి 2,000 పల్సులో 10,000 పల్సులో అని చెప్పుకోవాలి. Z యాక్సిస్‌కి బ్రేక్ ఉన్న సర్వోనే తీసుకోవాలి. బాల్ స్క్రూ దానంతటదే జారుతుంది. కరెంటు పోయిన క్షణంలో 5 కిలోల స్పిండిల్ జాబ్ మీదికి దిగుతుంది. మన ఊళ్లలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పనక్కర్లేదు.

ఈ సైజు రౌటర్‌కి నా తీర్పు ఇది. 2 నుంచి 3 న్యూటన్-మీటర్ల నీమా 23, ఇండక్టెన్స్ 4 మిల్లీహెన్రీల లోపు, 80 వోల్టుల డ్రైవ్, 48 వోల్టుల సప్లై. చేతిలో ఇంకొంచెం ఉంటే క్లోజ్డ్ లూప్. నీమా 34 వద్దు. సర్వో డబ్బు ఉంటే ముందు దాన్ని మందమైన ఫ్రేముకి, మంచి గైడ్లకి పెట్టండి. రోజంతా నాలుగు రాళ్లు సంపాదించే పనికి మెషీన్ నడుస్తుంటే అప్పుడు సర్వో గురించి ఆలోచించొచ్చు.

డబ్బు చేతులు మారకముందు దుకాణంలో రెండు అడగండి: ఈ మోటార్ ఇండక్టెన్స్ ఎంత, ఏ వోల్టేజీ దగ్గర గీసిన టార్క్-వేగం గ్రాఫ్ ఉంది. హోల్డింగ్ టార్క్ తప్ప ఇంకేమీ చెప్పలేనివాడి దగ్గర కొనకండి.